పన్నెండు బై పద్నాలుగు

ఇంటి వెనక జాగా
పన్నెండు బై పద్నాలుగు.
టేపు నాదే, మెడలో వేసుకునేది.
అరవై అంగుళాలు అయిపోయిన చోటల్లా
మట్టిలో మేకుతో గీత గీసి
మళ్లీ మొదలుపెట్టినాను.

రేణిగుంట రోడ్డులో బాషా బండల షాపు.
"ఇది చూడక్కా, ఇటాలియన్ ఫినిషు.
ఇది చూడు, చెక్క మాదిరి ఉంటాది, చెక్క కాదు.
ఇదైతే ఇప్పుడు అందరూ వేయిస్తా ఉండేది."
అందరూ వేయిస్తా ఉండేది అనే మాట
నా షాపులో నేనూ వాడతాను,
బోట్ నెక్కు గురించి.
అందుకే నమ్మలేదు.

నున్నటిది తళతళమంటా ఉంది.
వేలితో రాస్తే పాలియెస్టరు మాదిరి జారింది.
నవంబరు వాన తలుచుకున్నాను.
నల్లది, కడప బండ.
మధ్యాహ్నం రెండింటికి చెప్పులు విప్పి నిలబడినాను,
పది లెక్కపెట్టేలోపే దూకినాను.
తాండూరు పసుపు బాగుంది.
ధర అడిగినాను.
ధర చెప్పినాక కూడా బాగుంది,
అదే బాధ.

మా ఆయన గజేంద్ర ఫోనులో బొమ్మ చూపించినాడు:
తెల్ల బండలు, మధ్యలో గడ్డి గీతలు,
ఎవరో ఒకామె కాఫీ తాగతా ఉంది.
"ఇట్ల ఉండాల" అన్నాడు.
ఆమె కప్పు చూసినాను, మడమలు చూసినాను.
ఆ జాగాలో ఎవురూ ఎప్పుడూ అంట్లు తోమినట్టు లేదు.

నీళ్లు తాగడానికి షాపు వెనక్కి పోతే
కోత మిషను పక్కన కుప్ప:
మూలలు తెగినవి, అంచులు విరిగినవి,
కుప్పం గ్రానైటు బూడిదవి, బేతంచర్ల గోధుమవి,
పచ్చది ఒకటి, జామాకు వెనకవైపు ఉంటుందే, ఆ రంగు.
ఇరవై రెండేళ్లుగా నా మిషను కింద పోగయ్యేది ఇదే కదా.
చంక కోస్తే మిగిలేది,
మెడ కోస్తే మిగిలేది, సగం దోసె మాదిరి.
"ఇవెంత?"
"అవి అమ్మేవి కాదక్కా,
ట్రాక్టరుకి డబ్బులిచ్చి పారబోయిస్తాం."
"ఆ ట్రాక్టరు కొర్లగుంటకి తోలు."

మేస్త్రి మునెప్ప నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.
"ఇది బొంత గదమ్మా."
"బొంతే."
"లెవెలు రాదు."
"ఎందుకు రాదు? పలచటి వాటికి కింద లైనింగు వేస్తాం."
లైనింగంటే ఇసక అని
ఆయనకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

మూడు రాత్రులు, షాపు కట్టేసి వచ్చి,
బల్బు వేలాడదీసి పరిచినాను, జరిపినాను.
బూడిద పక్కన బూడిద పడకుండా.
రాయికీ పోగుంటుంది.
పోగంతా తలుపు నుంచి తూము వైపు పారేటట్టు పెట్టినాను.
ప్రతి ముక్క మీదా సుద్దతో నంబరు,
ఒకటి నుంచి నూట ముప్పై ఏడు.
తీసి గోడకి పేర్చినాం, పొద్దున ఇసక వేయాలని.

ఆ రాత్రి వాన.
కొండ మీద నుంచి ఒక్కపెట్టున దిగింది.
తెల్లారి చూస్తే నూట ముప్పై ఏడు ముక్కలు,
ఒక్కదానికీ నంబరు లేదు.
గజేంద్ర ఏమీ అనలేదు, ఫోను కూడా తీయలేదు.
మునెప్ప బీడీ ఆర్పి "ఇప్పుడేంది?" అన్నాడు.

కొలతల పుస్తకం పోయినా
మనిషిని చూసి కుట్టలేనా?
కూర్చున్నాను.
ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటే
అంచు చెప్పింది, తను దేని పక్కదో.
అన్నీ చెప్పలేదు.
కొన్ని అబద్ధం చెప్పినాయి,
గట్టిగా సరిపోయి మరీ.
పొద్దు గూకేసరికి
చేతిలో పచ్చ ముక్క మిగిలింది,
నేలలో ఒక ఖాళీ మిగిలింది,
రెండూ ఒకదానికొకటి కావు.

"సిమెంటు పోసేస్తా" అన్నాడు మునెప్ప.
"వద్దు. అది జేబు."
జేబు లేకుండా ఏ లంగానీ పంపలేదు నేను,
అడగని వాళ్లకి కూడా,
నడుం పట్టీ లోపల, చిన్నది.
"ఏం పెట్టుకుంటావమ్మా దాంట్లో?"
వాళ్లేం పెట్టుకున్నారో
ఎవురూ నాకు చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

పచ్చ ముక్క ఇప్పుడు షాపులో ఉంది,
ఫ్యాను గాలికి గుడ్డ కదలకుండా
దాని మీద బరువు.